మడత చివర గోరు

గుడ్డ మడతకు గోరు ఉండదు.

ఆరేళ్లుగా ముఖాలు, చీరలు, నగలు తెరమీద పెద్దవి చేసి చూడటమే అభినయ పని. మడత ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. అందుకే మౌసు మీద వేలు ఆగిపోయింది. పాత ఫొటోలో పదహారేళ్ల పిల్ల భుజం మీద పట్టుచీర నాలుగు మడతలు పడి ఉంది. ఒకదాని పక్కన ఒకటి, ఒకే ఎడంతో. ఇంకొంచెం పెద్దది చేసింది. మూడో మడత చివర చిన్న అర్ధచంద్రం, నున్నగా మెరుస్తోంది.

గోరే. సందేహం లేదు.

"అవ్వా, ఈ ఫొటో తీసేటప్పుడు నీ పక్కన ఎవురన్నా ఉండ్రా?" అంది తల తిప్పకుండా.

ఫ్యాను కింద కుర్చీలో కూర్చున్న మరగతం సంచిలోంచి తీసిన తమలపాకును మళ్లీ సంచిలో పెట్టేసింది.

"మా అక్కే ఉండె. కనకం. నా భుజం పట్టుకొని నిలబడుండె. ఫొటో వచ్చినాక చూస్తే అక్క లేదు. ఏంది నాయనా, అక్క యాడ అంటే, కెమెరా లోపల ఇద్దరికి చోటు చాల్లేదు అన్నాడు మా నాయన. నమ్మేసినా. కెమెరా సంగతి నాకేం తెలుసు?"

మరగతం అరియాంకుప్పం నుంచి బస్సెక్కి ముత్తియాల్‌పేటలోని ఈ చిన్న స్టూడియోకి రావడం ఇది వరసగా రెండో రోజు. డెబ్భై రెండేళ్ల మనిషి. ఇంట్లో మనవరాలు జనని పెళ్లి. వాళ్ల వంశంలో పెళ్లికి ముందు పూవాడై పెట్టాలి. అంటే, పెళ్లి కాకుండానే పోయిన ఆడపిల్లను తలచుకుని, కలశానికి కొత్త చీర చుట్టి, పూలూ గాజులూ పెట్టి, 'నువ్వు చల్లగా చూడు తల్లీ' అని ఇంటిల్లిపాదీ మొక్కడం. ఆ ఇంటి పూవాడై కనకమే. పంతొమ్మిదేళ్లకు కామెర్లతో పోయింది. ఆమెకు చీర ఉంది, గాజులున్నాయి. పటం లేదు.

మొన్న జనని ఊరికే అడిగింది: "కనకం అవ్వ ఎట్లుండేది అవ్వా?"

మరగతం చెబుదామని నోరు తెరిచింది. అక్క గొంతు గుర్తుకొచ్చింది. నడక వచ్చింది. తలకు రాసుకునే ఆముదం వాసన కూడా వచ్చింది. ముఖం రాలేదు. ఎంత కళ్లు మూసుకున్నా, ముఖం ఉండవలసిన చోట ఏమీ లేదు.

ఆ భయమే ఆమెను బస్సెక్కించింది. ఇంట్లో ఉన్నది ఈ ఒక్క ఫొటో. పెళ్లిచూపుల కోసం తీసింది. వెనక ఈ వీధి పేరుతో ముద్ర ఉంది. ఇద్దరిదీ ఒకే పోలిక అనేవారు కాబట్టి, 'నా ముఖం పెట్టుకొని అక్క ముఖం చెయ్యి పాప్పా' అంది.

అభినయ నిన్న ఒక్కరోజులో మూడు ముఖాలు చేసింది. దవడ కాస్త సన్నం చేసి ఒకటి. కళ్లు మార్చి ఇంకొకటి. కంప్యూటరును అడిగితే అదే ఊహించి ఇచ్చింది మూడోది. మూడోదాన్ని చూసి అభినయకే ముచ్చటేసింది.

మరగతం మాత్రం పెదవి విరిచింది. "ఇది సబ్బు పెట్టె మీది పిల్ల. మా అక్క ఇట్లా పళ్లు చూపిచ్చి ఎప్పుడన్నా నవ్విందా? ఇంగోటి చెప్తా విను. శుక్రవారం పూవాడై. ఎవురో ముఖానికి దండ వేసి మా అక్క అని మొక్కలేను. కుదరకపోతే కుదరదని చెప్పెయ్, కలశానికే మొక్కుకుంటాం."

నిన్న అలా చెప్పి వెళ్లి, మనసు ఆగక ఈరోజు పొద్దున్నే మళ్లీ వచ్చింది. వచ్చిన అరగంటకు గోరు బయటపడింది.

సరిగ్గా అప్పుడే త్యాగరాజన్ టీ తాగి లోపలికి వచ్చాడు. అభినయకు తాత. డెబ్భై ఆరేళ్లు. ఇరవయ్యో ఏట ఈ స్టూడియోలోనే టచింగ్ పనికి చేరాడు. అంటే గాజు నెగటివుల మీద పెన్సిలుతో, కుంచెతో ముఖాలు సరిచేసే పని. తరవాత స్టూడియో ఆయనదే అయింది. ఇప్పుడు చేతులు వణుకుతాయి. మనవరాలి పనిని మాత్రం రోజూ ఎత్తిపొడుస్తాడు.

"ఏమ్మా, ఈ పొద్దు ఎవురి ముఖానికి ఇస్త్రీ?"

"నువ్వే చూడు తాతా. ఈ మడతకు గోరుండాది."

త్యాగరాజన్ కళ్లద్దాలు తుడుచుకుని తెరమీదికి వంగాడు. చాలాసేపు వంగే ఉన్నాడు. బయట వీధిలో బండ్ల హారన్లు మోగుతున్నాయి. లేచి నిలబడేసరికి ఆయన ముఖంలో వెక్కిరింత లేదు.

"ఈ గోరు నాది," అన్నాడు.

"ఏందీ?"

"నేను మర్చిపోయిన గోరు. నాలుగు వేళ్లను మడతలుగా మార్చినా. మూడు గోళ్లు కప్పినా. ఒకటి వదిలేసినా. యాభై ఆరేండ్లు ఎవురూ చూడలే." మరగతం వైపు తిరిగాడు. "నువ్వు చెంగల్రాయన్ చిన్న కూతురివా? వణకతా ఉంటివి గదా ఆ పొద్దు?"

మరగతం లేచి నిలబడింది.

త్యాగరాజన్ చెప్పింది ఇది. ఆ కాలంలో ఫొటోకి కదలకుండా ఉండటమే పెద్ద గండం. చంటిపిల్లల్ని తల్లులు పట్టుకునేవాళ్లు, ముసలివాళ్లను కొడుకులు పట్టుకునేవాళ్లు. ఫొటో తీసేశాక, పట్టుకున్నవాళ్లను నెగటివు మీద ఎర్రరంగుతో కప్పేసేవాళ్లు. రంగు పడ్డచోట కాగితం తెల్లగా వస్తుంది. అలా ఎన్ని వందల తల్లుల చేతులు తుడిచాడో ఆయనకే లెక్కలేదు. పెళ్లిచూపుల ఫొటోకి కూర్చోబెడితే చిన్నది గజగజ వణికింది. పెద్దది వచ్చి భుజం పట్టుకుంది. మొదలాళి, అంటే అప్పటి యజమాని, అలాగే తీసేశాడు.

"మీ నాయన మాత్రం దానితో ఊరుకోలే," అన్నాడు త్యాగరాజన్. "ఇంట్లో పెండ్లికాని పెద్దపిల్ల ఉండాదని కడలూరు పెండ్లికొడుకు వాళ్లకు తెలవగూడదని, ఆ గాజు నెగటివు ఇయ్యి, పగలగొడతా అనె. మొదలాళి ఇయ్యలే. గాజు నెగటివులన్నీ స్టూడియోవి అనె. అట్లయితే కత్తితో గీకేయండి అని చెప్పి, ఎదురుగా కూర్చుండె."

"గీకేసినారా?" అంది మరగతం.

త్యాగరాజన్ అటక వైపు చూశాడు. "పాప్పా, ఆ ఫొటో వెనక పెన్సిలు నంబరుంటాది, చదువు," అన్నాడు.

అభినయ చదివింది. తాత చెప్పిన చెక్కపెట్టెను అటక మీంచి దించింది. లోపల గాజు పలకలు కాగితం కవర్లలో నిలబెట్టి ఉన్నాయి. కొన్ని ఒకదానికొకటి అంటుకుపోయాయి. కొన్నింటిని బూజు తినేసింది. నంబరు దొరికింది. కవరులోంచి పలకను అంచులు పట్టుకుని తీసి, కిటికీ వెలుతురుకు ఎత్తింది.

ఒకవైపు, నల్లటి ముఖంతో తెల్లటి జుట్టుతో పదహారేళ్ల మరగతం. రెండోవైపు ముదురు ఎరుపు. అట్టకట్టిన రక్తంలాంటి రంగు, మనిషి ఆకారంలో. దాని వెనక ఏముందో వెలుతురుకు కూడా అందడం లేదు.

కత్తి గీత ఎక్కడా లేదు.

"గీకలేదు తాతా నువ్వు!"

"నీళ్లు తగిలితే పోయే రంగు అది," అన్నాడు త్యాగరాజన్. "అయితే గాజు వైపు పూయలే. అంచు నీటుగా రావాలని మందు వైపే పూసినా. బొమ్మ ఉండేది ఆ మందు పూతలోనే. బూజు పట్టిన మందు నీళ్లలో కరిగిపోతాది. ఇప్పుడు నీళ్లు పెడితే రంగు పోతాదో, ముఖం పోతాదో నేను చెప్పలేను."

ఇద్దరూ మరగతం వైపు చూశారు.

"ఎరుపు కింద ఉండి మాత్రం ఎవురికి లాభం?" అంది మరగతం. "తియ్యండి."

ముందుగా అభినయ పలకను ఉన్నదున్నట్టు ఫొటో తీసి దాచింది. ఎదురు బడ్డీకొట్టు నుంచి ఐసు తెచ్చింది, బ్యాటరీ కొట్టు నుంచి బ్యాటరీల్లో పోసే శుద్ధమైన నీళ్లు తెచ్చింది. నీళ్లు గది వేడికి ఉంటే మందు ఉబ్బిపోతుందన్నాడు తాత. ఫ్యాను ఆపేశారు. త్యాగరాజన్ పుల్లకు దూది చుట్టబోయాడు. పుల్ల చేతిలో టపటపా కొట్టుకుంది. దాన్ని మనవరాలి చేతిలో పెట్టేశాడు.

ఆరేళ్లలో అభినయ చేసిన ప్రతి తప్పుకూ వెనక్కి పోయే దారి ఉండేది. ఒక్క మీట నొక్కితే తప్పు చేయనట్టే. ఇక్కడ ఆ మీట లేదు.

"మూలనుంచి రా. రుద్దొద్దు. దొర్లించు," అన్నాడు తాత.

దూది తడి తగలగానే ఎరుపు కదిలింది. మొదట చీర కుచ్చిళ్లు తేలాయి. తరవాత మోచెయ్యి. గాజులు. దూది మార్చింది. మెడ. చెవి. చెవికి చిన్న దుద్దు. గిన్నెలో ఐసునీళ్లు గులాబీరంగుకు తిరిగాయి. మరగతం ఊపిరి అభినయ మెడకు తగులుతోంది.

గడ్డం దగ్గర దూది జారింది. అక్కడ బూజు మచ్చ ఉంది. దాని పక్కన మందు పూత సన్నగా, ఉల్లిపొరలాగా గాజును వదిలి పైకి లేచింది.

"ఆపు!" త్యాగరాజన్ కేకకు వీధిలో పోతున్న మనిషి తొంగిచూశాడు. "చెయ్యి తియ్యి. ఊపిరి కూడా వదలొద్దు దానిమీద."

ముగ్గురూ కదల్లేదు. ఆ పొర నీటిచుక్క మీద తేలుతూ వణికింది. ఇంకాస్త లేస్తే గడ్డంతో పాటు పెదవులూ వచ్చేస్తాయి. అభినయ వేరే దూదితో పక్కనున్న తడిని మాత్రం తాకీ తాకకుండా పీల్చింది. ఒకసారి. రెండోసారి. చుక్క తగ్గేకొద్దీ పొర నెమ్మదిగా దిగింది. దిగి, గాజుకు అంటుకుంది.

"చెయ్యి ఉండాది నీకు," అన్నాడు తాత. ఆరేళ్లలో ఆయన నోట ఆ మెప్పు అభినయ వినలేదు. ఇప్పుడు వినే తీరిక లేదు.

ఆరడానికి రెండు గంటలు పట్టింది. మరగతం కాఫీ వద్దంది, అన్నం వద్దంది. పలకకు కాపలా కాస్తున్నట్టు కూర్చుంది.

మధ్యాహ్నం అభినయ పలకను అడుగున లైటు ఉండే వెలుగు పలక మీద పెట్టి, పైనుంచి ఫొటో తీసి తెరకెక్కించింది. నల్లది తెల్లగా, తెల్లది నల్లగా ఉన్న మనిషి. ముఖం ముఖంలా లేదు. "అవ్వా, ఈడికి రా," అని మీట నొక్కింది.

కనకం వచ్చింది.

వచ్చిందనే అనాలి. అంతకుముందు ఆ గదిలో లేదు, ఇప్పుడుంది. యాభై ఆరేళ్లు ఎరుపు కింద నిలబడి, చెల్లెలి భుజం వదలకుండా, పంతొమ్మిదేళ్ల దగ్గరే ఆగి ఉంది. కెమెరా వైపు చూడటం లేదు. చెల్లెలి చెంప వైపు చూస్తోంది, పెదవుల చివర నవ్వు ఆపుకుంటూ, 'ఇంత మాత్రానికేనా ఈ వణుకు' అన్నట్టు.

అభినయ వేల ముఖాలు చూసింది. ఇలాంటిది చూడలేదు. ఎందుకో అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. తనను తుడిచేస్తారని కనకానికి తెలుసు. తుడిచేస్తారని తెలిసిన మనిషి ఫొటోకి ముఖం పెట్టదు. గడ్డం ఎత్తదు, కళ్లు పెద్దవి చేయదు. పక్కనున్న మరగతం ముఖం త్యాగరాజన్ పెన్సిలు కింద చందమామలా నున్నగా ఉంది. కప్పేసే ముఖానికి టచింగ్ ఎందుకని కనకం ముఖాన్ని ఆయన ముట్టుకోలేదు. ఆ స్టూడియో గాజు పలకల మీద, ఎవరూ సరిచేయని ముఖం బహుశా ఇదొక్కటే.

త్యాగరాజన్ గోడకు ఆనుకున్నాడు. "గీకేదానికి చెయ్యి రాలే," అన్నాడు, అడగకుండానే. "ఆ పిల్ల ఇట్లా చూస్తాండె. మీ నాయన ఎదురుగా కూర్చొనుంటే కత్తి పట్టుకొని గీకినట్టే నటించినా, రంగు పూసినా."

మరగతం తెర ముందు నిలబడి అలాగే చూస్తోంది.

అభినయ తెరమీది బ్రష్ తీసి పని మొదలుపెట్టింది. బూజు కనకం ముఖం నిండా చుక్కలు పెట్టింది. అలవాటైన చెయ్యి అలవాటైన పని చేసింది. ఒక నొక్కు, ఒక చుక్క మాయం. ఇంకో నొక్కు. ఇంకోటి.

"ఏయ్! అది యాడికి పాయె?" మరగతం ఆమె మణికట్టు పట్టుకుంది. "ఆ చెంపమీద గుంట. యాడ పెట్టినావు దాన్ని?"

"బూజు చుక్క అనుకున్నా అవ్వా."

"బూజు కాదు. అమ్మవారు పోసిండె అక్కకి, పన్నెండేండ్లప్పుడు. ఆ గుంటలే."

అభినయ మీట నొక్కి చుక్కల్ని వెనక్కి తెచ్చింది. తెచ్చి, చేతులు ఒళ్లో పెట్టుకుంది. బూజు పెట్టిన చుక్కలూ, అమ్మవారు పెట్టిన గుంటలూ తెరమీద ఒక్కలాగే ఉన్నాయి. ఒక్క ముఖంలో డెబ్భైకి పైనే. ఏది తుడవాలి, ఏది ఉంచాలి? ఏ యంత్రమూ చెప్పలేదు. తప్పు చుక్క తుడిస్తే కనకం కొంచెం పోతుంది. తప్పు చుక్క ఉంచితే ఇంకెవరో అవుతుంది. అలా ఒక్కొక్క చుక్కా తప్పుతూ పోతే, మళ్లీ సబ్బు పెట్టె మీది పిల్లే మిగులుతుంది.

"నీకు గుర్తుండాయా, ఏవేవని?"

"కంటికి గుర్తులేవు." మరగతం తన కుడిచేతి వేళ్లను చూసుకుంది. "వేపాకు, పసుపు నూరి నేనే గదా పూసేది అక్కకు. మూడు నెల్లు. దినమూ. ఇట్లా తిరుగు పాప్పా."

అభినయ కుర్చీ తిప్పింది. మరగతం కళ్లు మూసుకుని, ఆ పిల్ల ముఖం మీద వేళ్లు పెట్టింది. గరుకైన, చల్లటి వేళ్లు. నుదుటి మీంచి మెల్లగా దిగాయి. ఒకచోట ఆగాయి.

"ఈడ ఒకటి. లోతు. దీంట్లో పసుపు నిలబడిపోయేది." ఇంకాస్త కిందికి. "ముక్కు పక్కన రెండు, ఒకదాని మీద ఒకటి. ఈ చెంపన మూడు వరస. ముట్టుకుంటే అరిచేది, ఏమే దున్నపోతా మెల్లిగా అని."

త్యాగరాజన్ తెర దగ్గర నిలబడి, వణికే వేలితో వెతుకుతున్నాడు. "ఉండాది," అన్నాడు. "ముక్కు పక్కన రెండూ ఉండాయి. వరస మూడూ ఉండాయి." ఆయన గొంతు ఒక్కో గుంటకూ తగ్గుతూ వచ్చింది. గుడిలో మాట్లాడేవాళ్ల గొంతులాగా అయింది.

పదహారు గుంటలు. పదహారూ తెరమీద, ఆ వేళ్లు చెప్పినచోటే దొరికాయి.

"కనుబొమ్మ కింద ఇంగోటి," అంది మరగతం.

"అది లేదమ్మా. ఆడ ఉత్త బూజే."

"ఉండాది. చిన్నది. వడ్లగింజంత. నాకు తెలుసు."

అభినయ తిరిగి కనుబొమ్మను పెద్దది చేసింది. అంతా బూజే. ఆ బూజును ఒక్కొక్క రేణువుగా తీస్తూ పోయింది. పావుగంట తరవాత, అట్టడుగున, వడ్లగింజంత నీడ. పొడుగు కూడా వడ్లగింజంతే.

డెబ్భై రెండేళ్ల మనిషి మరచిపోయిన ముఖాన్ని, ఆమె వేళ్లు మరవలేదు.

సాయంత్రానికి కనకం పూర్తయింది. బూజు పోయింది, పదిహేడు గుంటలూ మిగిలాయి. వేళ్ల దగ్గర మాత్రం పని మిగిలింది. తాత పెన్సిలు వాటిని ఇంకా మడతలుగానే ఉంచింది. ఆయన మరచిపోయిన ఆ ఒక్క గోరును ఆధారం చేసుకుని అభినయ మిగతా మూడు గోళ్లూ, నాలుగు వేళ్లూ తిరిగి తెచ్చింది. ఇప్పుడు చెయ్యి చెయ్యిలా భుజం మీద ఉంది.

అప్పుడు మరగతం అసలు చిక్కు చెప్పింది.

"దీనికి దండ ఎట్లా వేసేది? పక్కన నేనుండానే! బతికుండే మనిషి పటానికి దండ వేస్తారా ఎవురన్నా? నన్ను తీసెయ్ పాప్పా."

అభినయ తెల్లబోయింది. "నిన్ను తీసేస్తే అక్క చెయ్యి గాల్లో వేలాడతాది అవ్వా. చేతిని కూడా తీసేసి, ముఖం మాత్రం చేస్తా."

"చెయ్యి ఉండాల. నేను ఉండగూడదు," అంది మరగతం. ఇంకో మాటకు తావులేనట్టు తమలపాకు మడిచి నోట్లో పెట్టుకుంది.

త్యాగరాజన్ మనవరాలి వైపు చూస్తున్నాడు. అక్కను తుడవమన్నారు ఆనాడు ఆయన్ని. చెల్లెల్ని తుడవమంటున్నారు ఈనాడు ఈ పిల్లను.

అభినయ పని మొదలుపెట్టింది. అరగంటలో తెరమీద మరగతం లేదు. నున్నటి ముఖం, జడ, నగలు, అన్నీ పోయాయి. కనకం ఒక్కతే నిలబడి, తెల్లటి ఖాళీ వైపు చూసి నవ్వు ఆపుకుంటోంది.

"తుడిచేసినావా?" అన్నాడు తాత మెల్లగా.

"లేదు. దాచినా. చూడు." ఒక మీట నొక్కింది. మరగతం మళ్లీ వచ్చింది, వెంట్రుక కూడా చెదరకుండా. ఇంకోసారి నొక్కింది. పోయింది. "పైన ముసుగు మాదిరి ఒక పొర వేసినా తాతా. నల్లరంగు పూస్తే మనిషి కనపడదు. రంగు తీసేస్తే వస్తాది. ఎన్నేండ్లయినా."

త్యాగరాజన్ కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. "మీరూ రంగే పూస్తారా!" అన్నాడు. ఆరేళ్లుగా ఆ యంత్రాన్ని ఇస్త్రీపెట్టె అన్న మనిషి, దానిమీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. "ఇంగోసారి నొక్కు, చూస్తా."

అభినయ నొక్కింది. ఆయన మూడుసార్లు నొక్కించుకున్నాడు.

మరగతం ముందుకు వంగి చూసింది. కనకం చెయ్యి గాల్లో వేలాడటం లేదు. ఆ నాలుగు వేళ్ల కింద జానెడు పట్టుచీర మిగిలి ఉంది. భుజం. అంతకు మించి ఏమీ లేదు.

"ఇదేంది, నా భుజం వదిలేసినావు?"

"దండ వేస్తే పూలు దాన్ని కప్పేస్తాయి అవ్వా. దండ తగలగూడదంటే చెప్పు, అదీ దాచేస్తా."

మరగతం తెరమీది వేళ్లను ఒక్కొక్కటిగా ముట్టుకుంది. మూడోదాని గోరు దగ్గర కాసేపు ఆగింది.

"ఉండనీ," అంది. "దండ తగిలితే ఈ భుజానికి ఏం కాదులే. ఇన్నేండ్లూ ఆ చెయ్యి ఆడే ఉండాది గదా."